ఈరోజు కెరటం ఎంత?

స్కాట్లాండు తూర్పు తీరానికి ఆవల, సముద్రంలో నిలబెట్టిన గాలిమరలకు మరమ్మతులు చేయడం నా ఉద్యోగం. విశాఖ పెద జాలారిపేటలో మా అమ్మ మాత్రం ఇరుగుపొరుగుకు "మావాడు అక్కడ ఫ్యాన్లు బాగుచేస్తాడు" అని చెబుతుంది. ఆ ఫ్యానులో ఒక్కో రెక్క 75 మీటర్లు ఉంటుందని చెప్పి చూశాను. "మరి అంత పైకి ఎక్కేముందు ఏమైనా తింటావా లేదా?" అని అడిగింది.

పొద్దున్నే రేవులో మేము అడిగే మొదటి మాట గాలి గురించి కాదు, కెరటం ఎత్తు గురించి. మమ్మల్ని తీసుకెళ్లే చిన్న పడవ తన ముక్కును గాలిమర కాలికున్న నిచ్చెనకు ఆనించి, ఇంజను ఆపకుండా నెడుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి పడవ జారకుండా నిలిచినప్పుడే నిచ్చెన అందుకోవాలి. కెరటం మీటరున్నర దాటిందంటే సాధారణంగా ఆ రోజుకు పని లేనట్టే. తమాషా ఏమిటంటే, గాలి బాగా వీచి కరెంటు దండిగా పుట్టే చలికాలంలోనే కెరటాలూ లేస్తాయి. డిసెంబరులో జేబులో పట్టేంత సెన్సరు ఒకటి చెడిపోతే, దాన్ని మార్చడానికి సముద్రం శాంతించేదాకా అంత పెద్ద యంత్రమూ ఊరికే నిలబడాలి. సముద్రపు కరెంటుకు అంత ఖరీదెందుకని అడిగేవాళ్లు ముందు మా పడవలో ఒకసారి కూర్చోవాలి.

పనిలో చేరకముందే, హెలికాప్టరు సముద్రంలో పడితే బయటపడటం నేర్పడానికి దాని నమూనాలో కూర్చోబెట్టి, బెల్టు కట్టి, కొలనులో ముంచి తలకిందులు చేస్తారు. ఊపిరి బిగబట్టి, కిటికీ నెట్టుకుని బయటపడాలి. పుట్టిందే కెరటాల పక్కన కనుక నాకేం భయమనుకున్నారు స్నేహితులు. ఈత వచ్చినవాడికే అక్కడ ఎక్కువ తికమక. తలకిందులుగా ఉన్నప్పుడు పైకి ఈదాలనిపిస్తుంది, ఆ పై ఎటో తెలియదు. ఇక చలి సంగతి: స్కాట్లాండు సముద్రపు నీటిలో చలికాలం రబ్బరు సూటు లేకుండా పడితే ఈతగాడైనా మామూలువాడైనా ఒకటే.

అబర్దీను నిన్నటిదాకా చమురు నగరం. గాలిమరల పనికి వచ్చిన చాలామంది చమురు వేదికల మీద చెయ్యి తిరిగినవాళ్లే. పీటర్‌హెడ్ తీరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో 2017లో మొదలైన హైవిండ్ స్కాట్లాండ్‌ను కట్టింది కూడా నార్వే చమురు సంస్థే. ప్రపంచంలో మొట్టమొదటి తేలే గాలిమరల కేంద్రం అదే. ఒక్కోటి 6 మెగావాట్ల చొప్పున అయిదు మరలు, అడుగున బరువు నింపిన పొడవాటి ఉక్కు గొట్టాల మీద తేలుతుంటాయి. పెద్ద మరమ్మతు అవసరమైతే క్రేను అక్కడికి వెళ్లి చేసే పని కాదు. అందుకే 2024లో ఆ మరలను లంగర్ల నుంచి విప్పి, పాడైన లారీని షెడ్డుకు లాక్కెళ్లినట్టు నార్వేకు లాక్కెళ్లారు.

మాలాంటి పరాయి దేశస్థులకు ఆ నీళ్లలో ఇంకో గీత ఉంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపు బ్రిటన్ జలాలు. ఆ గీత లోపల గాలిమరల పని చేసే విదేశీయులకు ఉన్న వీసా మినహాయింపు 2023 ఏప్రిల్ ఆఖరుతో ముగిసింది. అప్పుడు మా పడవలో కబుర్లన్నీ కెరటాలు వదిలి కాగితాల మీదికి మళ్లాయి.

సెలవులకు విశాఖ వచ్చినప్పుడు ప్రశ్నలు వేసేది ఫిషింగ్ హార్బరులో మరబోటు నడిపే మా బాబాయి. "మన దగ్గర సముద్రం లేదా ఏం? ఇక్కడ ఎందుకు పెట్టరు?"

సముద్రాలన్నీ ఒకటి కావు బాబాయ్ అన్నాను. ఫ్రాన్సులో రాన్స్ నది ముఖద్వారం దగ్గర 1966 నుంచీ ఆటుపోట్లతో 240 మెగావాట్ల కేంద్రం నడుస్తోంది. అక్కడ పోటుకూ ఆటుకూ తేడా సగటున 8 మీటర్లు. మన విశాఖలో పున్నమికైనా అమావాస్యకైనా రెండు మీటర్లు దాటదు. కెరటాల నుంచి కరెంటు తీయడానికి కేరళలోని విళింజంలో 1991లోనే 150 కిలోవాట్ల ప్రయోగం చేశారు, తరవాత అది మూతపడింది. సముద్రపు గాలిమరల విషయంలో 2024లో కేంద్ర ప్రభుత్వం 7,453 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. అందులో 500 మెగావాట్లు గుజరాతుకు, 500 తమిళనాడుకు. మనకు లేదు.

"పోనీలే, హుద్‌హుద్ లాంటిది వస్తే ఆ రెక్కలు ఉంటాయా?" అన్నాడు. మంచి ప్రశ్న. మామూలుగా గాలి గంటకు 90 కిలోమీటర్లు చేరేసరికి రెక్కలు పక్కకు తిరిగి యంత్రం ఆగిపోతుంది. 2014 అక్టోబరు 12న మా ఇంటి రేకులను ఎత్తుకుపోయిన గాలి దానికి దాదాపు రెట్టింపు. తుపానులకు తట్టుకునేవి కట్టవచ్చు, ఖర్చు పెరుగుతుంది.

ఆయనకు నచ్చింది ఒక్కటే: నిర్మాణం జరిగేటప్పుడు ఇతర ఓడలు అటు రాకుండా కాపలాకు అక్కడి చేపల పడవలనే కిరాయికి పెట్టుకుంటారు. "వేట నిషేధం 61 రోజులూ అలాంటి పని మాకూ దొరికితే!" అని, వెంటనే "డీజిలు ఎవరిది?" అని అడిగాడు.

నా ఉద్దేశంలో విశాఖకు ఇందులో వాటా గాలి వల్ల రాదు, వెల్డింగు వల్ల రావచ్చు. 1948లో జల ఉష అనే ఓడను కట్టి నీటిలోకి దించిన ఊరు ఇది. ఇక్కడ తరాలుగా ఓడలకు ప్లేట్లు అతుకుతున్న చేతులున్నాయి. సముద్రంలో పాతే గాలిమర పునాది అంటే మందపాటి ప్లేటును చుట్టి, అతికి చేసిన గొట్టమే. చిక్కులూ ఉన్నాయి. మన ఉక్కు కర్మాగారం ప్రధానంగా కడ్డీలు, వైరు రాడ్లు చేస్తుంది కాబట్టి ఆ ప్లేటు బయటి నుంచే రావాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలి రేవుకు వెళ్లే దారి ఇరుకు. తేలే పునాదులు బాగా వెడల్పు కనుక గంగవరంలాంటి లోతైన రేవు పక్కన విశాలమైన స్థలం కావాలి. తమిళనాడు సముద్రంలో మొదటి గాలిమర పాతేలోగా అంత స్థలం ఎవరు చూపిస్తే పని వాళ్లదే.

గాజువాకలో మా మేనత్త కొడుకు వెల్డరు. సింగపూరు యార్డుకు పోవాలా, ఇక్కడే ఆగాలా అని అడిగాడు. "వెళ్లు బావా. మందపాటి ప్లేటు పనికి పరీక్ష రాసి సర్టిఫికెట్టు తెచ్చుకో, అది ఏ దేశంలోనైనా చెల్లుతుంది" అన్నాను. అత్తకు ఈ సలహా బొత్తిగా నచ్చలేదు. వాడికి సంబంధాలు చూస్తున్నారట.