తోక ఎటు వైపు ఉంటుంది? తోకచుక్కల పాఠాన్ని నేను మళ్లీ చదివిన తీరు

మిత్రులారా, ఫిజిక్స్ పేపర్‌కి చదివేవాళ్లలో చాలామంది తోకచుక్కల పాఠాన్ని ఒక్క పూటలో ముగించేస్తారు. నేనూ కేంద్రకం (మధ్యలోని మంచు, ధూళి ముద్ద), కోమా (దాని చుట్టూ ఉండే వాయువు, ధూళి పొర), తోక అని మూడు మాటలు నోట్స్‌లో రాసుకుని ముందుకు వెళ్లిపోయాను. తర్వాత ఒక మాక్ టెస్టులో, సూర్యుణ్ణి చుట్టి దూరంగా వెళ్లిపోతున్న తోకచుక్కకు తోక ఎటు ఉంటుందని అడిగారు. వెనకాల అని పెట్టాను. తప్పు. తిరుగు ప్రయాణంలో తోకే ముందు ఉంటుంది. మార్కు పోయినందుకంటే, కారణం తెలియకుండానే ఆ పాఠం అయిపోయిందనుకున్నందుకు ఎక్కువ బాధపడ్డాను.

పరుగెత్తే మనిషి జుట్టు వెనక్కి ఎగిరినట్టే తోక కూడా అనుకోవడం దగ్గరే నేను పొరబడ్డాను. అంతరిక్షంలో ఎదురుగాలి లేదు. అక్కడ వీచేదల్లా సూర్యుడి నుంచి బయటికే. అందుకే తోకచుక్క ఎటు పోతున్నా తోక సూర్యుడికి వ్యతిరేక దిక్కునే ఉంటుంది. పీటర్ ఏపియన్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1531లోనే ఈ సంగతి గమనించాడు. ఒక కక్ష్య గీసి, అయిదారు చోట్ల తోకచుక్కను పెట్టి, ప్రతి చోటా సూర్యుడి నుంచి గీత లాగి తోక వేయండి. పది నిమిషాల పని, ఆ తర్వాత ఈ ప్రశ్న ఎలా తిప్పి అడిగినా టెన్షన్ ఉండదు.

తోకలు రెండని మర్చిపోవద్దు. ధూళి తోకను నెట్టేది సూర్యకాంతి పీడనం. ధూళి రేణువులు తమ తమ కక్ష్యల్లో కాస్త వెనకబడతాయి కాబట్టి అది వంగి, వెడల్పుగా, లేత పసుపుగా కనిపిస్తుంది. రెండు తోకలకూ సౌర పవనమే (సూర్యుడి నుంచి ఎడతెగక వచ్చే కణాల ప్రవాహం) కారణమని రాయడం చాలామంది చేసే తప్పు. సౌర పవనం మలిచేది రెండోదైన అయాన్ తోకను, అంటే విద్యుదావేశం ఉన్న కణాల తోకను. అది సన్నగా, దాదాపు తిన్నగా ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ అయాన్ల వల్ల నీలంగా మెరుస్తుంది.

నాకు ఎక్కువ రోజులు పట్టింది ఈ అయాన్ తోకే. సౌర పవనం అంటే ముఖ్యంగా ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు. మామూలు వేగం సెకనుకు దాదాపు 400 కిలోమీటర్లు. కానీ భూమి కక్ష్య దగ్గర ఘన సెంటీమీటరుకు అయిదారు ప్రోటాన్లే ఉంటాయి. ఇంత పలచటి ప్రవాహం కణాల తాకిడితో తోకను ఎలా ఊదగలదు? అసలు పని చేసేది ఆ ప్రవాహం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం. కేంద్రకంలోని మంచు ఆవిరై బయటికొచ్చిన అణువులు అతినీలలోహిత కిరణాలకు ఎలక్ట్రాన్లు కోల్పోయి అయాన్లవుతాయి. క్షేత్రం వాటిని పట్టుకుంటుంది. బరువైన అయాన్లు వచ్చి చేరడంతో తోకచుక్క ముందు భాగంలో పవనం నెమ్మదిస్తుంది, పక్కల మాత్రం అదే వేగంతో పోతుంది. పారే కాలువలో నాటిన కర్రకు దారం అడ్డంగా తగులుకుంటే రెండు కొసలూ దిగువకు సాగుతాయి కదా, క్షేత్ర రేఖలు కూడా అలాగే తోకచుక్క చుట్టూ వంగి వెనక్కి సాగుతాయి. 1957లో భౌతిక శాస్త్రవేత్త ఆల్వెన్ చెప్పిన చిత్రం ఇదే. 1985లో ఐస్ అనే వ్యోమనౌక జియకోబినీ–జిన్నర్ అనే తోకచుక్క తోకలోంచి దూసుకెళ్లినప్పుడు, తోకకు రెండు వైపులా క్షేత్రం ఎదురెదురు దిశల్లో ఉన్నట్టు కొలిచింది. ఈ బొమ్మ అర్థమైన రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

చరిత్ర మీద ప్రశ్న వస్తే క్రమం జాగ్రత్త. 1951లో శాస్త్రవేత్త బీర్మన్, అయాన్ తోకల్లోని త్వరణానికి కాంతి పీడనం చాలదని చూపి, సూర్యుడి నుంచి కణాలు ఎడతెగక వస్తున్నాయన్నాడు. 1958లో మరో శాస్త్రవేత్త పార్కర్ దానికి సిద్ధాంతం ఇచ్చాడు. 1962లో మెరైనర్-2 వ్యోమనౌక శుక్రుడి వైపు వెళ్తూ ఆ పవనాన్ని నెలల తరబడి కొలిచింది. అంటే సౌర పవనం ఆచూకీ మనకు తోకచుక్కలే ఇచ్చాయి.

లెక్క కూడా ఒకటి చేసి చూడండి. భూమి కక్ష్యంత దూరంలో పరిహేళి (సూర్యుడికి అతి దగ్గరి బిందువు) ఉన్న ఒక తోకచుక్క అక్కడ సెకనుకు దాదాపు 42 కిలోమీటర్లతో, పవనానికి అడ్డంగా కదులుతుంది. 42ని 400తో భాగిస్తే దాదాపు 0.105, అది టాంజెంట్‌గా ఉన్న కోణం సుమారు 6 డిగ్రీలు. అయాన్ తోక సూర్యుడికి సరిగ్గా వ్యతిరేక దిక్కున కాకుండా ఆ మేరకు పక్కకు వాలుతుంది. "దాదాపు తిన్నగా" అని పైన రాసింది అందుకే.

పరీక్షలో నాకు వచ్చింది తోక తెగిపోవడం గురించి. 2007 ఏప్రిల్‌లో సూర్యుడి నుంచి ఎగసిన ప్లాస్మా (విద్యుదావేశ కణాల) మేఘం ఎంకే తోకచుక్కను తాకగానే దాని అయాన్ తోక ఊడి కొట్టుకుపోయింది, స్టీరియో వ్యోమనౌక దాన్ని చిత్రీకరించింది. క్షేత్ర రేఖల బొమ్మ గీసి, అవి తెగి మళ్లీ కలిసే చోటు గుర్తించి, కేంద్రకం నుంచి వాయువు వస్తూనే ఉంటుంది కాబట్టి వెంటనే కొత్త తోక మొదలవుతుందని రాశాను.