రబ్బర్లు డబ్బాలో వెయ్యండి

"నీ దినచర్య రాయవే, ఆర్టిస్టులు ఎలా పనిచేస్తారో మన పిల్లలకి తెలుస్తుంది, రెండు పేజీలు చాలు" అని మన రాజమండ్రి స్కూలు బ్యాచ్ మళ్లీ కలిసే ఫంక్షన్‌కి సావనీర్ వేస్తున్న కమిటీ వాళ్లు అడిగారు. మెసేజ్ పెట్టింది రేడియో (కలెక్టరు, లాంతరు, గోంగూర, మన క్లాసులో అన్నీ ఇలాంటి మారుపేర్లే కదా) కాబట్టి నేనున్న గ్రూపులన్నిట్లోకీ వచ్చేసింది. ఇక తప్పించుకునే దారి లేదు. సావనీర్‌లో రాసేవాళ్లందరూ కలెక్టరు సంగతీ, మామిడిచెట్టు సంగతీ, తొమ్మిదో తరగతి సి సెక్షన్ మీద మనం గెలిచిన కబడ్డీ సంగతీ ఎలాగూ రాస్తారు. అవి వాళ్లకే వదిలేస్తున్నాను.

నేను అయిదున్నరకి లేస్తాను. ఫోను హాల్లోనే ఉంటుంది, నా బల్ల దగ్గరికి రానివ్వను. ముందు పాత న్యూస్‌ప్రింటు కాగితాల మీద గీతలు గీస్తాను. నిలువు, అడ్డం, ఏటవాలు, ఆ తర్వాత కోలసున్నాలు. వేళ్లతో కాదు, భుజం కదిపి గీయాలి. కాఫీ డికాక్షన్ దిగేలోపు కాగితం రెండు వైపులా నిండిపోతుంది. అదేమీ దాచుకునేది కాదు, మా పనమ్మాయి కిటికీ అద్దాలు తుడవడానికి పట్టుకుపోతుంది. ఆ తర్వాత ఎదురుగా ఏది కనిపిస్తే అది స్కెచ్ బుక్‌లో గీస్తాను. గ్యాస్ స్టవ్వు, మా ఆయన చెప్పులు, నిన్న సాయంత్రం సంచిలోంచి తియ్యని ఆనపకాయ, ఏదైనా సరే. పెన్సిలు ముట్టను, పెన్నుతోనే. తప్పు పడితే పక్కన ఇంకో గీత గీస్తాను, తప్పు గీత అలాగే ఉంటుంది.

ఈ పద్ధతి ఎవరిదో మీకు వేరే చెప్పాలా?

మన డ్రాయింగు మాస్టారి పీరియడ్ "రబ్బర్లు డబ్బాలో వెయ్యండి"తో మొదలయ్యేది. సుద్దముక్కల డబ్బా మొదటి బెంచీ నుంచి బయల్దేరి ఆడపిల్లల వరస చివరిదాకా తిరిగొచ్చేది. లాంతరు వాళ్ల మావయ్య సింగపూరు నుంచి తెచ్చిన సెంటు రబ్బరు అలా వెళ్లి, మళ్లీ వచ్చేసరికి సగమైపోయింది. కొరికిందెవరో ఇప్పటికీ తేలలేదు. నాకు తెలుసు, కానీ ఆయన ఇప్పుడు సావనీర్ కమిటీలో ఉన్నారు.

చెంబు రోజు మాత్రం నాకు అరచేతిలో ఉన్నంత స్పష్టంగా గుర్తుంది. లోయర్ డ్రాయింగు పరీక్షకి కట్టినవాళ్లం అటు బెంచీలూ ఇటు బెంచీలూ కూర్చున్నాం. స్టాఫ్ రూమ్ నుంచి మంచినీళ్ల ఇత్తడి చెంబు తెప్పించి, బల్ల మీద స్టూలు, స్టూలు మీద చెంబు పెట్టారు.

"ఏవిటర్రా అది?"

"చెంబండీ."

"మూతి ఎలా ఉంది?"

"గుండ్రంగా ఉందండీ!" అని అందరం ఒక్కసారే అరిచాం.

"గుండ్రంగా కనిపిస్తోందా, గుండ్రంగా ఉంటుందని తెలుసా?"

ఎవరూ మాట్లాడలేదు. గోంగూర ఒక్కడే "తెలుసండీ" అన్నాడు. మాస్టారు వాడిని లేపి, చెంబు అంచు సరిగ్గా కంటికి సమంగా వచ్చేలా నిలబెట్టి "ఇప్పుడు చూడు" అన్నారు. మూతి లేదు! అడ్డంగా ఒక గీత ఉంది, అంతే. స్టూలు తీసేసి చెంబు బల్ల మీద పెట్టారు, ఆ గీత కాస్త విచ్చుకుంది. నేల మీద పెట్టించి పైనుంచి చూడమన్నారు, దాదాపు నిండు సున్నా అయింది. ఒకటే చెంబు. ఒక్కొక్క బెంచీకి ఒక్కొక్క మూతి. అప్పుడు గీయమన్నారు. మనందరం సున్నా కొసలు మొనదేల్చి వేపాకుల్లా గీస్తే, వరసలో నడుస్తూ "కొస లేదు, కొస లేదు, తిరగాలి" అంటూ ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని తిప్పించారు. ఆయన చేతికి అంటిన సుద్దపొడి నా మణికట్టు మీద తెల్లగా పడింది.

ఈలోగా పీఈటీ మాస్టారు గ్రౌండ్ నుంచి చెమటలు కక్కుకుంటూ వచ్చి "చెంబేదండీ, దాహంతో చస్తున్నా" అన్నారు. మన మాస్టారు వెనక్కి కూడా తిరగలేదు. "పిల్లలు తాగుతున్నారు, ఆగండి" అన్నారు. ఆ తర్వాత ఏడాదంతా పీఈటీ మాస్టారు కనబడితే చాలు మనం ఏమని పిలిచామో ఇక్కడ రాయను. ఆయన కూడా ఫంక్షన్‌కి వస్తున్నారట.

1986 ఆగస్టు వరద గుర్తుందా? స్కూలు లేదు. మాస్టారు మాత్రం గోదారి కాస్త తగ్గుముఖం పట్టాక పరీక్షకి కట్టినవాళ్లని గట్టు మీదికి రమ్మన్నారు. ఎర్రటి నీళ్లు, కొట్టుకొస్తున్న దుంగలు, ఎక్కడ చూసినా జనం. నేను అలలు గీయడం మొదలుపెట్టాను. వంగి చూసి "నీళ్లు నువ్వు గీయక్కర్లేదమ్మాయ్, మునగనివన్నీ గీయి, నీళ్లు వాటంతటవే వస్తాయి" అన్నారు. రేవులో పైన మిగిలిన మెట్లు, సగానికి మునిగిన మండపం స్తంభాలు, ఒక పడవ కొస గీశాను. మధ్యలో కాగితం ఖాళీగానే ఉంది, అయినా గోదారి కనిపించింది. పందెం ఓడిపోయిన కలెక్టరు కోటగుమ్మం దగ్గర అందరికీ రోజ్‌మిల్క్ ఇప్పించింది ఆవేళే. పందెం దేనిమీదో మాత్రం మర్చిపోయాను.

దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళ్లింది కూడా ఆ సంవత్సరమే అనుకుంటా. బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివొచ్చిన మన రాజమండ్రి చిత్రకారుడు ఆయన, 28 ఏళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయారు. మనం పెద్ద పెద్ద రంగుల బొమ్మల ముందు నోళ్లు తెరుచుకుని నిలబడితే, మాస్టారు మనల్ని రామారావు పెన్సిలు బొమ్మల దగ్గరికి లాక్కెళ్లారు. "రోజూ గీస్తేనే అది వచ్చింది" అని పెద్ద బొమ్మ వైపు చెయ్యి చూపించారు. చందమామలో శంకర్ గీసే విక్రమార్కుడిని కూడా మాస్టారు పాఠం చేసేశారు. భుజం మీద శవం ఉంది కదా, బరువు ఏ కాలి మీద పడిందో చెప్పమనేవారు. మనకి కథ కావాలి, ఆయనకి కాలు కావాలి.

ఇంటరూ, డిగ్రీలో సగం, హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ, పెళ్లి, ఇద్దరు పిల్లలు. వీటి గురించి రాయడానికి స్థలం లేదు, మీకూ అక్కర్లేదు.

ఇప్పుడు పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తున్నాను. కథ చేతికొచ్చాక మొదట పెన్ను పట్టుకోకుండా చదువుతాను. తర్వాత ఒకే కాగితం మీద పుస్తకం మొత్తాన్ని పోస్టల్ స్టాంపు సైజులో గీసుకుంటాను. పేజీలు 16, 24, 32 ఇలా ఎనిమిది లెక్కన పోతాయి, ఎందుకంటే ప్రెస్సులో పెద్ద షీటు మడతపెట్టి కోస్తారు. ఏ పేజీ తిప్పితే పిల్లాడు ఉలిక్కిపడాలో ఆ స్టాంపుల్లోనే తేలిపోవాలి. కథలో పాప ముఖం రెండు పేజీల నడిమడతలోకి పోకూడదు, పోతే ముక్కు కుట్టులో ఇరుక్కుంటుంది. చిలకాకుపచ్చంటే నాకు ప్రాణం, కానీ స్క్రీన్ మీద మెరిసిన ఆ రంగు నాలుగు ఇంకుల్లో అచ్చయ్యేసరికి డీలా పడిపోతుంది. అందుకే రంగులు ముందే ప్రింటుకి తగ్గట్టు ఎంచుకుంటాను. ఫైనల్ బొమ్మ టాబ్లెట్ మీదే చేస్తాను, కానీ మొదటి గీత కాగితం మీదే. టాబ్లెట్‌లో గీసిన గీతని ఒక్క నొక్కుతో మాయం చేసే అన్‌డూ ఉంది. మాస్టారు చూస్తే అంత పెద్ద రబ్బరు పట్టే డబ్బా ఎక్కడ దొరుకుతుందని అడిగేవారు.

పని లేని రోజు మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి లింగంపల్లి దాకా పోయి వస్తాను. ఆడవాళ్ల పెట్టె అంత మంచి స్టూడియో నాకు ఇంకోటి దొరకలేదు. సాయంత్రం తిరుగు బండిలో ఒకావిడ చున్నీ ఒళ్లో పరుచుకుని గోరుచిక్కుడు ఒలుస్తూ ఉంటుంది. ఇంకొకావిడ కడ్డీకి తల ఆనించి నిద్రపోతుంది. ముఖం జోలికి ముందు వెళ్లను, భుజం వాలు పట్టుకుంటాను. అలసట అంతా అక్కడే ఉంటుంది. స్టేషన్లు దగ్గర దగ్గర కాబట్టి ఫతేనగర్‌లో కూర్చున్న మనిషి బేగంపేటలో లేచిపోతుంది, చెయ్యి ఒకటి మిగిలిపోతుంది. నా స్కెచ్ బుక్కుల్లో అలాంటి చేతులు చాలా ఉన్నాయి. ఒక పుస్తకంలో అమ్మమ్మకి పెట్టిన చేతులు ఆ గోరుచిక్కుడు ఆవిడవే. ఆ పుస్తకం బొలోన్యా పిల్లల పుస్తకాల ప్రదర్శన దాకా వెళ్లింది. నేను వెళ్లలేదు, పబ్లిషరు ఫోటో పంపారు. ఇటలీ అమ్మాయి ఒకతి ఆ పేజీ మీద వేలు పెట్టి చూస్తోంది. ఆ ఫోటో మా అమ్మకి చూపిస్తే "ఎంతిచ్చారు?" అంది. ఇంటి లోను బొమ్మలతోనే తీరిందమ్మా అంటే నమ్మదు.

రేడియో అడిగిన రెండు పేజీలూ దాటిపోయినట్టున్నాయి. ఫంక్షన్ రోజు నేను స్టేజీ ఎక్కను, బలవంతం చెయ్యకండి. చివరి వరసలో కూర్చుని గీసుకుంటాను. ఎవరూ ఫోజులు పెట్టొద్దు, కడుపులు లోపలికి లాక్కోవద్దు. ముఖ్యంగా మగపిల్లలకి చెబుతున్నాను, జుట్టు ఉన్నంతే గీస్తాను. పెన్నుతోనే.