అలా ఎవరంటారు పిన్నీ!

“జవాబు మీరే చెప్పేశారు. పిల్లల్ని కనుక్కోనివ్వాల్సింది.” నేనిప్పుడు పాఠాలు చెప్తున్న ఇంగ్లండ్ బడిలో, జూన్‌లో నా క్లాసు చూసిన హెడ్ టీచర్ పక్కకి పిలిచి అన్న మాట ఇది. సెలవులకి హైదరాబాద్ నల్లకుంటలో అమ్మ దగ్గరికి వచ్చి వారమైనా అది మనసులోంచి పోలేదు.

ఇంగ్లండ్‌లో ఆరేడేళ్ల పిల్లలకి, అంటే వాళ్ల ఇయర్ టూలో, నెస్, మెంట్, ఫుల్, లెస్, లీ లాంటి, మాట చివర చేరే ప్రత్యయాలు నేర్పాలి. నేను బోర్డు మీద సూత్రం రాశాను: గుణం చెప్పే మాటకి నెస్, పని చెప్పే మాటకి మెంట్. కైండ్‌నెస్, ఎంజాయ్‌మెంట్ అని అందరిచేతా అనిపించాను. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు అలాగే చెప్పాను. డు ము వు లు నాకు వచ్చిందీ అలాగే కదా. హెడ్ టీచర్‌గారి పద్ధతి వేరు. మాటలు, ప్రత్యయాలు విడివిడి కార్డుల మీద ఇచ్చి జత చేయమంటే చాలట. మర్నాడు అలాగే చేశాను. కైండ్ పక్కన మెంట్ పెట్టగానే పిల్లలు “అలా అనరు” అని గోల చేశారు. ఆ క్లాసు నిజంగా బాగుంది, ఒప్పుకుంటాను. కానీ వెనక బల్ల దగ్గర, ఇంట్లో బెంగాలీ మాట్లాడుకునే నలుగురు కార్డులు పట్టుకుని పక్కవాళ్ల మొహాలు చూస్తూ కూర్చున్నారు.

నిన్న అక్క కూతురు హోంవర్క్ చేసుకుంటుంటే అడిగాను.

“ఇల్లుకి ‘లో’ చేరిస్తే?”

“ఇంట్లో.”

“ఇల్లులో ఎందుకు కాదు?”

“అలా ఎవరంటారు పిన్నీ!”

ఊరు ఊళ్లు, చెట్టు చెట్లు, అన్నీ టకటకా చెప్పేసింది. కైండ్‌కి ఏం చేరుస్తావంటే మాత్రం ఆగి, “కైండ్‌మెంట్?” అంది.

ఇల్లంతా ఒక భాష వినబడే పిల్లకి అందులో కనుక్కోవడానికి సరుకుంటుంది. చెవిన పడని భాషలో ఏం వెతుక్కుంటుంది? ఇక్కడ మేం సూత్రం ముందు చెప్పింది బద్ధకంతో కాదు. బడి గేటు దాటితే ఇంగ్లీషు వినబడని పిల్లలు నలభై మంది మా ముందు కూర్చునేవాళ్లు. ఆ మాట ఆవిడకి అప్పుడే చెప్పాల్సింది. తల ఊపి వచ్చేశాను.

అక్క కూతురికి నెస్, మెంట్ సూత్రం చెప్పాను. కాసేపు పెన్సిల్ కొరుక్కుని, “అయితే పేమెంట్‌లో పే ఉందా పిన్నీ?” అంది. రోజూ వినే మాటే, లోపల ఇంకో మాట ఉందని ఇప్పుడే చూసింది.

సెప్టెంబర్‌లో కార్డులు నేనూ వాడతాను. వెనక బల్ల పిల్లలకి మాత్రం ముందు రోజే పది నిమిషాలు సూత్రం చెప్పుకోనివ్వమని ఆవిడని అడుగుతాను.