మూపురం ఎన్ని మిల్లీమీటర్లు?

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని రాక్‌హాంప్టన్‌లో పశువుల రైతుల మీటింగ్. నేను చూపించిన స్లైడ్‌లో ఉన్నది ఒక్కటే ముక్క: మూపురం ఎత్తు పెరిగేకొద్దీ మాంసం రుచికి వేసే అంచనా మార్కు తగ్గుతుంది. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. "అది లేకపోతే ఈ ఎండకి, ఈ గోమార్లకి ఇక్కడ మందలే మిగిలేవి కావు. నువ్వెప్పుడైనా అలాంటి పశువుని దగ్గర్నుంచి చూశావా?" అన్నారు. నాకు మాట రాలేదు.

చూశానా! మాది ఒంగోలు పక్క పల్లె. నాన్న సంతలో ఎద్దుని బేరమాడేముందు మూపురం మీద అరచెయ్యి వేసి నిమిషంసేపు అలాగే ఉండేవాడు, అది చూసి అమ్మేవాడు ధర తగ్గించడు. మా దగ్గర ధర పెంచే మూపురం ఇక్కడ మార్కులు తగ్గిస్తుంది, ఆ తగ్గించే లెక్క రాసే టీమ్‌లో నేనున్నాను. ఆ రోజు నుంచి ఇదే మనసులో తిరుగుతోంది.

అయినా ఆ లెక్క తప్పని మాత్రం నేను అనను. ఆస్ట్రేలియాలో మాంసం ఎంత బాగుంటుందో అంచనా వేసి గ్రేడు ఇచ్చే ఎంఎస్ఏ (మీట్ స్టాండర్డ్స్ ఆస్ట్రేలియా) అనే పద్ధతి 1990ల చివర్లో మొదలైంది. దాంట్లో నాకు బాగా నచ్చింది, రుచి గురించి నిపుణుల్ని అడగకపోవడం. మామూలు మనుషుల్ని పిలిచి ఒక్కొక్కరికి ఏడు ముక్కలు పెడతారు. మెత్తదనం, రసం, రుచి, మొత్తమ్మీద ఎలా ఉంది అని నాలుగు మార్కులు వందకి వేయమంటారు. ఒక్కో నమూనాని పదిమంది తింటారు, పైన ఇద్దరి మార్కులు, కింద ఇద్దరివి తీసేసి మధ్య ఆరుగురివి సగటు కడతారు. జపాన్, కొరియా, ఐర్లాండ్, ఫ్రాన్స్, పోలండ్‌లలో కూడా ఇదే పద్ధతిలో పరీక్షలు జరిగాయి కాబట్టి ఆ లెక్కలన్నీ ఒకచోట కలపడానికి వీలవుతోంది. ఇప్పటికి లక్షమందికి పైగా తిన్నారు. మనవాళ్ళు పొలం హద్దు కూడా పక్కవాడికి సరిగ్గా చెప్పరు, ఇక్కడ దేశాలే లెక్కలు పంచుకుంటున్నాయి. చేరిన కొత్తలో దీనికే ఆశ్చర్యపోయేదాన్ని.

మూపురం సంగతీ ఆ తిన్నవాళ్ళు చెప్పిందే. కోసిన తర్వాత చల్లగదిలో మాంసాన్ని మెత్తబరిచే ఎంజైము ఒకటుంది, కాల్పైన్ అంటారు. దాన్ని అడ్డుకునే కాల్పాస్టాటిన్ మూపురం జాతుల్లో ఎక్కువ. అందుకే మాంసానికి గ్రేడు వేసే మనిషి, గ్రేడర్, స్కేలు పెట్టి అయిదేసి మిల్లీమీటర్ల లెక్కన మూపురం కొలుస్తాడు. అన్ని ముక్కలకీ ఒకేలా తగ్గదు, వెన్ను వెంబడి ముక్కలకి ఎక్కువ తగ్గుతుంది. కోసిన పశువుని తుంటి దగ్గర వేలాడదీసినా, మాంసాన్ని చల్లగదిలో ఇంకొన్ని రోజులు ఉంచినా పోయిన మార్కుల్లో కొన్ని తిరిగొస్తాయి. ఇదంతా ఆ రోజు చెప్పాల్సింది, టెన్షన్‌లో ఒక్కటీ గుర్తురాలేదు.

కానీ పెద్దాయన అడిగింది అది కాదని తర్వాత అర్థమైంది. మా లెక్కల టేబుల్‌లో తిన్న తర్వాతి మాట మాత్రమే ఉంది. ఎండలో నిలబడటం, ఎండుగడ్డితో బతకడం, దూడని ఈని పెంచుకోవడం, వీటికి కాలమ్ లేదు. మా ఊళ్ళో ఎద్దుకి విలువ కట్టేది సరిగ్గా వాటితోనే. 1933లో అమెరికా నుంచి క్వీన్స్‌లాండ్‌కి తెచ్చిన బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తం ఉంది. బ్రెజిల్‌లోనైతే ఒంగోలు పశువుని ఇప్పటికీ నెల్లూరు పేరుతో నెలోర్ అనే పిలుస్తారు. వాటిని అంతదూరం తీసుకెళ్ళింది రుచి చూసి కాదు కదా.

టీ విరామంలో ఆయన దగ్గరికి వెళ్ళి మా ఊరు ఎక్కడో చెప్పాను. ఫోన్‌లో మా బండలాగుడు ఎడ్ల ఫొటో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "వీటి మనవలే నా దగ్గరున్నవి" అని, ఈసారి రుచి పరీక్షలకి పశువులు కావాలంటే తన మంద నుంచి తీసుకోమన్నారు. "మార్కులు తగ్గినా సరే, నాకూ చెప్పండి, ఎక్కడ తగ్గిందో తెలియాలి" అన్నారు. కోపంగా లేచిన మనిషి అలా అనేసరికి నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

ఇంట్లో నేను చేసేది డేటా పని అని చెప్పాను, అమ్మ అడిగితే ఫుడ్ క్వాలిటీ అన్నాను. అబద్ధం కాదు. మా ఇంట్లో పెద్దమాంసం ముట్టరు, అదే ఊళ్ళో తినే ఇళ్ళూ ఉన్నాయి, ఆ సంగతి మా నట్టింట్లో ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. నేనూ తినను, తినేవాళ్ళ మాటని లెక్కగడతాను, ఆ పని నిజాయితీగా చేస్తాను.

ఆ రాత్రి పెద్దాయన ఆబోతు ఫొటో నాన్నకి వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "కొమ్ములు కోసేశారేంటమ్మా? మూపురం మాత్రం బాగుంది. ఎన్ని పళ్ళ మీదుంది?"

రేపు ఆయన్ని అడిగి చెప్తానన్నాను.