కంచు ఫలకాలకు ఎక్కినవాళ్లు, ఎక్కనివాళ్లు

న్యూజెర్సీలో మా ఇంటి నుంచి కూపర్స్‌టౌన్‌కి కారులో నాలుగు గంటల దారి. చివరి గంటంతా కొండలు, పాడి పశువుల కొట్టాలు, ఎర్రబడ్డ మేపుల్ చెట్లు. 2025 అక్టోబరు, బేస్‌బాల్ ప్లేఆఫ్స్ నడుస్తున్న రోజులు. మా బావ దారిపొడుగునా డాడ్జర్స్ జట్టుని తిడుతూనే ఉన్నాడు. ఒటానీ అనే ఒక్క ఆటగాడికి పదేళ్లకు 70 కోట్ల డాలర్లా, ఐపీఎల్‌లోలాగా జట్టుకింతని పరిమితి లేకపోతే చిన్న ఊళ్ల జట్లు ఎలా బతుకుతాయని ఆయన బాధ. ఆయన న్యూయార్క్ మెట్స్ జట్టు అభిమాని. ఆ మెట్సే సోటో అనే ఆటగాడికి 76.5 కోట్లు రాసిచ్చిన సంగతి మాత్రం ఆయన లెక్కలోకి రాదు.

ఊరు చిన్నది. పెద్ద వీధి ఒక్కటే, అందులో బ్యాట్లూ టోపీలూ పాత కార్డులూ అమ్మే కొట్లు. ఆటలో గొప్పవాళ్లని ఎన్నుకుని కంచు ఫలకాలు పెట్టే మ్యూజియం, 1939లో తెరిచిన బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ కూడా ఆ వీధిలోనే, ఎర్ర ఇటుకల భవనం.

న్యూయార్క్ నగరాన్ని వదిలి ఇంత మారుమూల ఎందుకు కట్టారంటే, ఒక కట్టుకథ వల్ల. క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్‌కి మారి, దానికి బాక్స్ స్కోరు (ఒక్కో ఆటగాడి లెక్కల పట్టిక) పద్ధతి తెచ్చిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టినవాడు. ఈ ఆట ఇంగ్లీషు పిల్లల రౌండర్స్ నుంచే వచ్చిందని రాశాడు. క్రీడా సామగ్రి వ్యాపారి ఆల్బర్ట్ స్పాల్డింగ్‌కి అది మింగుడుపడలేదు. ఒక కమిషన్ వేయించాడు. అబ్నర్ గ్రేవ్స్ అనే పెద్దాయన రాసిన ఉత్తరాన్ని పట్టుకుని, 1839లో కూపర్స్‌టౌన్‌లో అబ్నర్ డబుల్‌డే ఈ ఆట కనిపెట్టాడని 1907లో ఆ కమిషన్ తేల్చేసింది. 1839లో గ్రేవ్స్‌కి ఐదేళ్లు! డబుల్‌డే అప్పుడు వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదువుకుంటున్నాడు.

తర్వాత పక్క ఊళ్లో ఒక పాత పెట్టెలో చిరిగిన బంతి దొరికింది, డబుల్‌డే నాటిదన్నారు. సింగర్ కుట్టు మిషన్ల ఆస్తికి వారసుడైన స్టీఫెన్ క్లార్క్ దాన్ని ఐదు డాలర్లకు కొన్నాడు. మాంద్యంలో ఊరికి నాలుగు డబ్బులు రావాలని ఆయన తాపత్రయం. దాని చుట్టూనే ఈ మ్యూజియం పెరిగింది. డబుల్‌డే కథ నిజం కాదని ఇప్పుడు మ్యూజియమే ఒప్పుకుంటుంది. డబుల్‌డేకి ఇక్కడ ఫలకం లేదు, చాడ్విక్‌కి ఉంది. నాకు ఊళ్లో బాగా నచ్చిన విషయం ఇదే.

మూడంతస్తుల్లో మిగతావన్నీ గబగబా తిరిగేశాం. నిలబడిపోయింది ఫలకాల హాల్లోనే. 1936లో మొదట ఎన్నికైన ఐదుగురు, కాబ్, రూత్, వాగ్నర్, మాథ్యూసన్, జాన్సన్, ఒకచోట ఉన్నారు. 2025లో కొత్తగా ఎక్కినవాళ్లలో జపాన్ ఆటగాడు ఇచిరో ఉన్నాడు. 394 ఓట్లలో 393 వచ్చాయి. ఆ మిగిలిన ఒక్క ఓటరు ఎవరో గానీ, ఆయన క్రికెట్ సెలెక్టరుగా పుట్టాల్సినవాడు.

ఓటేసేవాళ్లు ఆటతోపాటు నిజాయితీ, నడవడిక కూడా చూడాలని ఇక్కడి నిబంధన. ఆ మాట మనసులో పెట్టుకుని గోడల వెంట నడిస్తే కొన్నిచోట్ల కాళ్లు ఆగుతాయి. 1883లో టొలీడో జట్టులో వాకర్ అనే నల్లజాతి ఆటగాడు ఉంటే ఆడనని భీష్మించి, టికెట్ల డబ్బు పోతుందనేసరికి దిగొచ్చిన క్యాప్ ఆన్సన్‌కి ఫలకం ఉంది. 1920 నుంచి 1944 దాకా బేస్‌బాల్ కమిషనర్‌గా ఉన్న లాండిస్‌కీ ఉంది. ఆయన హయాంలో పెద్ద లీగుల్లో నల్లవాడొక్కడూ ఆడలేదు. నల్లజాతివాళ్లకు విడిగా ఉన్న నీగ్రో లీగుల్లో ఆడిన జోష్ గిబ్సన్ ఫలకం 1972లో గానీ రాలేదు. 1947లో ఆ అడ్డు దాటి జాకీ రాబిన్సన్ డాడ్జర్స్ తరఫున దిగడానికి మూడు నెలల ముందే గిబ్సన్ చనిపోయాడు. 2024లో నీగ్రో లీగుల లెక్కలు కలిపాక .372 బ్యాటింగ్ సగటుతో (వెయ్యి ప్రయత్నాల్లో 372 హిట్లన్నమాట) ఆయన కాబ్‌ని దాటాడు. బంతి విసిరే మంచి పిచర్లందరినీ ఎదుర్కోలేదు కదా అని కొందరి గొణుగుడు. లీగు మ్యాచుల్లో కాబ్ మాత్రం నల్లజాతి పిచర్లను ఎప్పుడు ఎదుర్కొన్నాడు?

బారీ బాండ్స్‌కి ఫలకం లేదు. 762 హోమ్ రన్లు కొట్టినా, స్టెరాయిడ్ల మచ్చ పోలేదు. రికార్డు బద్దలుకొట్టిన ఆయన 756వ బంతిని ఒక ఫ్యాషన్ డిజైనర్ ఏడున్నర లక్షల డాలర్లకు కొని, ఏం చేయమంటారని జనాన్ని అడిగాడు. జనం తీర్పు ప్రకారం దాని మీద, ఈ రికార్డు అనుమానాస్పదమని చెప్పే నక్షత్రం గుర్తు పొడిచి మ్యూజియానికిచ్చాడు. మనిషి బయట, బంతి లోపల.

తిరుగు ప్రయాణంలో బావ పీట్ రోజ్ సంగతి ఎత్తాడు. 4256 హిట్లు, ఎవరికీ అన్ని లేవు. మేనేజరుగా సొంత జట్టు మీద పందేలు కాసి 1989లో నిషేధం తెచ్చుకున్నాడు. 2024లో పోయాడు. చావుతో నిషేధం తీరిపోతుందని మరుసటి ఏడాది కమిషనర్ ప్రకటించాడు. ఇక 2027 డిసెంబరులో 16 మంది కమిటీలో 12 ఓట్లొస్తే ఫలకమే.

"పోయినోడి మీద ఇంకా పంతమేంట్రా?" అన్నాడు బావ.

"బాండ్స్‌కి ఇవ్వమను బావా, ఫలకం మీదే ఆ మచ్చ సంగతీ రాయమను. రోజ్‌కి మాత్రం వద్దు."

నేను హైదరాబాదులో క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ని. 2000లో అజహరుద్దీన్ మీద జీవితకాల నిషేధం పడ్డప్పుడు అక్కడే ఉన్నాను. అది చెల్లదని 2012లో హైకోర్టు చెప్పింది. ఈలోపు మేం మాత్రం ఏళ్ల తరబడి ప్రతి రనౌట్‌నీ అనుమానంగా చూశాం. మందులు వాడినవాడు బంతిని ఎక్కువ దూరం కొడతాడేమో. పందెం కాసినవాడు, చూసేవాడికి ఆట మీదున్న నమ్మకాన్నే తినేస్తాడు. బావ ఒప్పుకోలేదు. మేం వచ్చిన రెండు నెలలకు బాండ్స్ పేరు కమిటీ ముందుకెళ్లింది. 16లో ఐదు ఓట్లు కూడా పడలేదు. ఆ రాత్రి బావే ఫోన్ చేసి మరీ చెప్పాడు.