రెండు సొరకాయ బుర్రలు

మా ఇల్లు విజయవాడ కృష్ణలంకలో. అటు బందరు కాలువ, ఇటు కృష్ణానది. ఇన్ని నీళ్ల మధ్య పెరిగి ఈత రాకపోతే సిగ్గుచేటని నాయనమ్మ, ఆడపిల్లకు ఈత ఎందుకని అమ్మ. మా ఇంట్లో అత్తాకోడళ్ల తగవుల్లో సగం నీళ్ల దగ్గర మొదలైనవే.

నాయనమ్మ పుట్టిల్లు కొల్లూరు వైపు ఒక లంక గ్రామం. పడవ దొరకకపోతే గేదె తోక పట్టుకొని ఏరు దాటిన మనిషి. నాకు ఎనిమిదేళ్లు వచ్చిన ఏడు, అంటే 1983లో, పెరటి పాదుకు కాసిన సొరకాయల్లో రెండింటిని కోయకుండా ముదరనిచ్చింది. అవి ఎండి, లోపల గింజలు గలగలలాడాక, కొబ్బరి తాడుతో నా రెండు చంకల పక్కన కట్టి కాలువ రేవుకు తీసుకువెళ్లింది. తాడు రెండో కొస తన చేతికి చుట్టుకొని మెట్ల మీద కూర్చుంది. అలా కట్టేసిన దూడలా ఈదాను, కొన్ని వారాలు.

వారాలు అనడానికి కారణం ఉంది. ఈతకు తీరిక దొరికేది వేసవిలో. సరిగ్గా అప్పుడే మరమ్మతులని, పూడిక తీయాలని కాలువ కట్టేసేవారు. అడుగున బురద, పగిలిన కుండలు, ఎవరివో ఒంటి చెప్పులు కనిపించేవి. జూన్‌లో బడి గంట, కాలువ నీళ్లు ఒక్కసారే వచ్చేవి. సెలవులకు నీళ్లు లేవు, నీళ్లకు సెలవులు లేవు. అందుకని నా చదువంతా ఆదివారాలే. ఆగస్టులో ఎర్రనీళ్లు వచ్చాక ఒక ఆదివారం, నాకు చెప్పకుండా ఒక బుర్ర తీసేసింది. ఒక పక్కకు ఒరిగిపోతూ, నీళ్లు మింగుతూ, తిట్టుకుంటూ అవతలి గట్టు తాకాను. ఆ పై ఆదివారం రెండోది కూడా తీసేసింది.

ఆ కాలువ నీళ్లు బ్యారేజీ దగ్గర కృష్ణ నుంచి మళ్లినవే. 1855 నాటి పాత ఆనకట్టకు 1952లో గండి పడింది. 1957 నాటికి ఇప్పటి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నాన్నను చంకన వేసుకొని ఆ గండి చూడటానికి వెళ్లానని నాయనమ్మ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆ గండి మరికాస్త వెడల్పయ్యేది.

నదికి మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. వేసవిలో బ్యారేజీ దిగువన కృష్ణ అంతా ఇసుకే. మధ్యమధ్య మోకాలి లోతు మడుగులు. మోకాలి లోతే కదా అని ఒక మధ్యాహ్నం బాబాయి కొడుకుతో కలిసి దొంగతనంగా వెళ్లాను. ఇసుక తవ్విన గుంటలు నీటి కింద కనపడవు. ఒక అడుగు మోకాళ్ల వరకు, తరువాతి అడుగుకు అడుగే లేదు. వాడు నా జడ దొరకబుచ్చుకొని లాగాడు. ఈత వచ్చునన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే రాలేదు. ఇంటికి వెళ్లాక దెబ్బలు తిన్నది నేను. మాట పడింది నాయనమ్మ. "నేర్పింది మీరే కదా అత్తయ్యా" అని అమ్మ రెండు బుర్రలనూ అటక మీద పడేసింది. నాయనమ్మ బదులు చెప్పలేదు. ఆవిడ అలా ఊరుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

2009 అక్టోబరు నాటికి నాయనమ్మ లేదు, నేను గుంటూరులో కాపురం. బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కృష్ణలంక లోతట్టు ఇళ్లు ఖాళీ చేయమన్నారు. అమ్మ ఫోను పలకక, రాత్రంతా నేను కూర్చున్నచోట కూర్చోలేదు. మర్నాడు పునరావాస కేంద్రంగా మార్చిన ఒక బడిలో దొరికింది. వరండాలో గోడకు ఆనుకొని కూర్చుంది. ఒడిలో రేషను కార్డు, నగల సంచి. పక్కన ఆ రెండు సొరకాయ బుర్రలు, కొత్త నైలాను తాడుతో కట్టి ఉన్నాయి.

"ఇవి ఎందుకమ్మా?"

"నాకు ఈత రాదు కదే" అంది.

చేతిలోకి తీసుకొని చూశాను. ఒకదాని అడుగున పురుగు తొలిచిన చిల్లు, వేలు పట్టేంత. ఆ వైపు కింద పెట్టి, ఆవిడ పక్కన కూర్చున్నాను.