కిడ్నీలో చీము: అమ్మ జ్వరం వెనక కథ

అమ్మది మామూలు జ్వరం కాదని తెలియడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. సాయంత్రం కాగానే రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, ఆ వెంటనే ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చేవి. కుడి డొక్కలో నొప్పిగా ఉందంటూనే, నీళ్ల బిందె ఎత్తినప్పుడు పట్టేసి ఉంటుందని తనే సర్దిచెప్పుకునేది. ఊళ్లోని ఆర్‌ఎంపీ గారు మలేరియా కావచ్చని సూది వేశారు. మూత్ర పరీక్షలో పస్ సెల్స్ (చీము కణాలు) రెండో మూడో మాత్రమే అని రావడంతో కిడ్నీ సంగతి ఎవరికీ తట్టలేదు.

మమ్మల్ని మభ్యపెట్టింది ఆ రిపోర్టే. రాయి అడ్డుపడి దారి పూర్తిగా మూసుకుపోయినప్పుడు ఆ కిడ్నీలోని మూత్రం కిందికి దిగదు కనుక, డబ్బాలో పట్టి ఇచ్చినదంతా బాగున్న ఎడమ కిడ్నీ నుంచి వచ్చిన మూత్రమే. స్కానింగులో అసలు విషయం బయటపడింది. కిడ్నీ గొంతు దగ్గర, అంటే మూత్రనాళం మొదలయ్యే చోట, 17 మిల్లీమీటర్ల రాయి ఉంది. దాని పైన ఉబ్బిన భాగం, నీరైతే నల్లగా కనిపించవలసింది, అడుగున మడ్డి పేరుకున్నట్టు మసకగా కనిపించింది. అది చీమని, ఇలా మూసుకుపోయిన కిడ్నీలో చీము నిండటాన్ని పయోనెఫ్రోసిస్ అంటారని, అమ్మలాగా షుగర్ ఉన్నవారికి ఇది మరింత ప్రమాదమని, చీములోని సూక్ష్మక్రిములు రక్తంలోకి చేరితే గంటల్లోనే బీపీ పడిపోవచ్చని యూరాలజిస్టు చెప్పారు.

మందులతో తగ్గదా అని అడిగాను. సెలైన్‌లో యాంటీబయాటిక్ అప్పటికే ఎక్కుతోంది. కానీ మూసుకుపోయిన కిడ్నీ సరిగా వడపోయలేదు కాబట్టి మందు లోపలి చీములోకి తగినంతగా చేరదట. "సెగ్గడ్డకు ఎన్ని మాత్రలు మింగినా చీము పోతేనే గదా సలుపు తగ్గేది" అన్నారాయన. నాకు అంతకు మించిన వివరణ అవసరం లేకపోయింది. చీము తీయడానికి రెండు దారులున్నాయి: మూత్రమార్గం గుండా డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా లోపలే ఉండే సన్నని గొట్టం) వేయడం, లేదా వీపు వైపు నుంచి కిడ్నీలోకి గొట్టం దించే నెఫ్రాస్టమీ. అమ్మకు రెండోది చేశారు. బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మాత్రమే మత్తు ఇచ్చి, స్కానింగులో చూస్తూ పెన్ను రీఫిల్ కంటే కొంచెం లావు గొట్టం పెట్టారు. సంచిలోకి మొదట దిగినది మూత్రం కాదు, గంజిలా చిక్కగా, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు ద్రవం. మర్నాడు మధ్యాహ్నానికి జ్వరం దిగింది. సాయంత్రం అమ్మ కాఫీ అడిగింది.

రాయిని మాత్రం వెంటనే ముట్టుకోలేదు. చీము ఉండగా రాయి తీయబోతే ఆ ఒత్తిడికి క్రిములు రక్తంలోకి పోతాయట. చీములో ఏ క్రిమి ఉందో చూసే కల్చర్ పరీక్షలో ఈ.కోలై అనే బ్యాక్టీరియా అని తేలాక మందు మార్చారు. అయిదు వారాల పాటు అమ్మ సంచిని చీర కుచ్చిళ్ల పక్కన కట్టుకుని తిరిగింది; గొట్టం మడత పడకుండా చూడటం, రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాయడం నా పని. ఆ తర్వాత, ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూపే రీనోగ్రామ్ అనే స్కాన్‌లో, మొత్తం పనిలో కుడి కిడ్నీ వాటా 24 శాతం ఉందని తేలింది. సాధారణంగా 10 శాతం కంటే తక్కువైతే తీసేయడం గురించి ఆలోచిస్తారు కాబట్టి, ఆ అంకె చూసి ఊపిరి పీల్చుకున్నాం. చిన్న రంధ్రం గుండా రాయిని పగలగొట్టి తీసి, డీజే స్టెంట్ వేశారు. తీయించడం మరిచిపోతే స్టెంట్ చుట్టూనే మళ్లీ రాళ్లు పేరుకుంటాయని నర్సమ్మ హెచ్చరించింది. ఆ మాట విన్న అమ్మ, ఇంటికి రాగానే చెప్పులు విడిచి, తిథులూ పాల లెక్కలూ రాసుకునే గోడ కాలెండరులో స్టెంట్ తీయించాల్సిన తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది.